అమరవీరులు కావలెను

కోనరాజ్యానికీ గట్టురాజ్యానికీ యుద్ధం వచ్చింది. ఎందుకొచ్చిందని మాత్రం అడక్కండి. అడిగినవాళ్ళని దేశద్రోహులన్నారు, అడగనివాళ్ళకి తెలియలేదు. రెండు దేశాలకీ మధ్య ఉప్పవాగు అని ఒక వాగుంది. వాగుకి అవతల నక్కలగుట్ట అని ఒక గుట్టుంది. గుట్ట మీద తుమ్మచెట్లూ నక్కలూ తప్ప ఏమీ లేవు. ఈమధ్య నక్కలు కూడా మకాం మార్చేశాయట. అయినా అది మాదంటే మాదని రెండు దేశాల పత్రికలూ పెద్దక్షరాలతో రాసేసరికి, ఇక వెనక్కి తగ్గడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

ఆ రోజు కోనరాజ్యం అసెంబ్లీలో యుద్ధం మీద చర్చ. పెదగంట్యాల నియోజకవర్గం సభ్యుడు చింతలచెరువు తాండవకృష్ణ గారు మైకు అందుకున్నారు. ఆయన వృత్తికి లాయరు, ప్రవృత్తికి నాయకుడు, ప్రస్తుతానికి ప్రతిపక్షం. కోర్టులో నోరు తెరిస్తే జడ్జి గడియారం చూసుకునేవాడు, సభలో నోరు తెరిస్తే సభ్యులు కాంటీను చూసుకునేవాళ్ళు. ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టాలన్న ఉబలాటంలో ఆయన బల్ల గుద్ది మరీ అన్నారు.

"అధ్యక్షా! ఇంట్లో కూర్చుని యుద్ధం యుద్ధం అనడం కాదు. యుద్ధం కావాలని చెయ్యెత్తే ప్రతి సభ్యుడూ తన నియోజకవర్గం కుర్రాళ్ళని వెంటబెట్టుకుని, తనే సేనాపతి అయి ముందు నడవాలి! దమ్ముంటే ఈ ప్రభుత్వం అలాంటి చట్టం తేవాలి!"

పాలకపక్షం బిక్కచచ్చిపోతుందని ఆయన లెక్క. ముఖ్యమంత్రి గారు చిరునవ్వుతో లేచారు.

"గౌరవ సభ్యుల అమూల్యమైన సూచనను ప్రభుత్వం సహర్షంగా స్వీకరిస్తున్నది. మొదటి సేనాపతిగా వెళ్ళే భాగ్యాన్ని సూచన చేసినవారికే ఇస్తున్నది."

సభ దద్దరిల్లేలా బల్లలు చరిచారు. ప్రజాసేనా చట్టం తేవాలని అప్పటికప్పుడు తీర్మానం పాసైపోయింది. తాండవకృష్ణ గారి జీవితంలో ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం అదొక్కటే. చట్టం ముసాయిదా రాసే కమిటీలో కూడా ఆయన్నే వేశారు. లాయరు కదా, యుద్ధానికి వెళ్ళాలన్న బెంగలో కూడా కామాలూ ఫుల్‌స్టాపులూ దిద్దుకుంటూ ముచ్చటగా రాశారు. తెల్లారేసరికి మిగతా సభ్యుల్లో చాలామందికి గుండెజబ్బులు బయటపడ్డాయి. ఒకాయనకి ఎడమ పక్కా కుడి పక్కా కూడా గుండె నొప్పి వచ్చిందని డాక్టరు రాసిచ్చాడు. పాపం తాండవకృష్ణ గారు ఇంత గోల చేసినవారై ఉండి ఆస్పత్రిలో పడుకుంటే నలుగురూ నవ్వుతారని, పళ్ళు బిగించి యూనిఫారం కుట్టించుకున్నారు.

పెదగంట్యాల బస్టాండు ముందు వీడ్కోలు సభ పెట్టారు. లారీల నిండా కుర్రాళ్ళు. లారీల చుట్టూ వాళ్ళ అమ్మలూ, అక్కలూ. తాండవకృష్ణ గారు లారీ బానెట్టు మీదెక్కి, వీరమాత కడుపున పుట్టిన సింహాల్లారా అని ఎత్తుకున్నారో లేదో, జనంలోంచి అచ్చియ్యమ్మ చెయ్యెత్తింది. అచ్చియ్యమ్మది సంతలో ఎండుచేపల వ్యాపారం. బేరంలో ఆమెతో నెగ్గినవాడు ఆ తాలూకాలో లేడు.

"ఆపండాపండి లాయరు బాబూ. సింహాల సంగతి తర్వాత. మా వీరపండుగాణ్ణి అట్టుకెళ్తన్నారు కదా, మళ్ళీ తెస్తారా, తేరా? అది సెప్పండి ముందు."

"అమ్మా, దేశం పిలుస్తోంది…"

"పిలవనీండి. ఆడు నాకొక్కడే. రోడ్డేస్తానన్నారు, ఎయ్యలేదు. పోన్లెమ్మనుకున్నాం. కుళాయిలన్నారు, రాలేదు. బిందెలట్టుకుని ఎళ్తానే ఉన్నాం. ఇది అలాంటిది కాదండి బాబూ. కొడుకండి."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఔనన్నారు. ఎవరో ఏడవడం మొదలెట్టారు. ఒకరేడిస్తే ఇంకొకరు ఆగుతారా, నాలుగువైపులా ఏడుపులు లేచాయి. ఏదో ఒకటి అనాలి కదా అని తాండవకృష్ణ గారు అనేశారు.

"ఒక్కణ్ణి కూడా పోగొట్టను! ఎంతమందిని తీసుకెళ్తున్నానో అంతమందినీ తెచ్చి ఇక్కడే దింపుతాను! దింపకపోతే నాకు ఓటెయ్యొద్దు!"

"ఓటు కాదండి," అంది అచ్చియ్యమ్మ. "అప్పుడు మాకు మొహం సూపించొద్దు."

లారీలు కదిలాయి. తాండవకృష్ణ గారు జన్మలో ఎన్ని వాగ్దానాలు చేశారో ఆయనకే గుర్తులేదు. చేసినవి చేసినట్టు మర్చిపోవడంలో ఆయనకి మంచి అభ్యాసముంది. ఇది మాత్రం దారి పొడుగునా గొంతులో ముల్లులాగా అడ్డం పడింది. వెనక లారీలో కుర్రాళ్ళు పాటలు పాడుతుంటే ఆయన అసలు తల తిప్పి చూడలేకపోయారు.

ఉప్పవాగు ఒడ్డున గుడారాలు వేశారు. అక్కడ కల్నల్ సోమరాజు గారని అసలు సిసలు సైనికుడు ఒకాయన సిద్ధంగా ఉన్నారు. కొత్త చట్టం ప్రకారం ఆయన హోదా సాంకేతిక సలహాదారు. గడ్డం నున్నగా గీసుకుని, మ్యాపు పరిచి, కర్రతో చూపిస్తూ వివరించారు.

"మూడు వైపుల నుంచి ఒకేసారి పైకి వెళ్తాం సార్. వాళ్ళు కాలుస్తారు, మనం కాలుస్తాం. పదీ పాతికమంది పోతారు. మధ్యాహ్నం భోజనాల వేళకి గుట్ట మనది."

"పోతారా? ఎవరు పోతారు?"

"మనవాళ్ళే సార్."

"వాళ్ళ పేర్లు చెప్పండి."

కల్నల్ గారికి అర్థం కాలేదు. "ముందే ఎలా తెలుస్తుంది సార్?"

"పేరు కూడా తెలియకుండా చంపేద్దామా?" అని తాండవకృష్ణ గారు కుర్చీలో కూలబడ్డారు. ఒక్క కుర్రాడు పోతే ఒక్క ఓటు పోవడం కాదు. వాడి ఇల్లు పోతుంది, ఇంటిపేరు వాళ్ళంతా పోతారు, వాడి మేనమామల ఊరు పోతుంది, వాడితో కలిసి వాలీబాల్ ఆడే బ్యాచ్ మొత్తం పోతుంది. పాతికమంది పోతే ఇక డిపాజిట్ గల్లంతే. పైగా అచ్చియ్యమ్మ కళ్ళు గుర్తొస్తున్నాయి. "కల్నల్ గారూ, దాడికి వాయిదా కోరుతున్నాను," అన్నారు.

"ఎవర్ని కోరుతున్నారు సార్? సేనాపతి మీరే కదా."

"అయితే మంజూరు చేశాను."

ఇక అక్కణ్ణించి ఆయన తనకి తెలిసిన పనే మొదలుపెట్టారు. పొద్దున్నే లేచి గుడారం గుడారానికీ తిరగడం. "ఏం తమ్ముడూ, టిఫిన్ బాగుందా? మీ నాన్నగారి మోకాలు తగ్గిందా?" అని రెండు చేతులూ జోడించి అడగడం. కుర్రాళ్ళకి తుపాకీలు కాల్చడం నేర్పే వేళకి ఈయన వచ్చి కూర్చుని, ఊళ్ళో పెళ్ళిళ్ళూ, గొడవలూ, కోర్టు కేసులూ మాట్లాడేవారు. వీరపండుకి వంటలో చెయ్యి తిరిగిందని తెలుసుకుని వంటశాలలో పెట్టించారు. మొదట్లో అదంతా అలవాటుగా చేశారు. పోనుపోను ఎవడికి జలుబు చేసిందో, ఎవడు అమ్మ మీద బెంగతో అన్నం మానేశాడో ఆయనకి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుండేది.

ఒకనాడు పొద్దున కల్నల్ గారి దుర్భిణి తీసుకుని గుట్ట వైపు చూస్తూ, తాండవకృష్ణ గారు ఉన్నట్టుండి బిగుసుకుపోయారు.

"కల్నల్ గారూ, అక్కడ రెండు పొయ్యిలు ఎందుకున్నాయి?"

"వంటకి సార్."

"వంటకని నాకూ తెలుసు. ఒకే సైన్యానికి రెండు పొయ్యిలేమిటి? ఆ పొయ్యి దగ్గరవాళ్ళు ఈ పొయ్యి దగ్గరికి రావటం లేదు. ఆ మీసాలాయన వస్తుంటే వీళ్ళు లేవడం లేదు. కల్నల్ గారూ, అక్కడ రెండు గ్రూపులున్నాయి!"

ముప్పాతిక జీవితం యుద్ధవిద్యలో గడిపిన కల్నల్ సోమరాజు గారు ఆ దుర్భిణిలోంచి ఎన్నోసార్లు చూశారు. ఆయనకి తుపాకీలు కనపడ్డాయి, ఫిరంగులు కనపడ్డాయి, పొయ్యిలు కనపడలేదు.

వాకబు చేస్తే అక్షరాలా నిజమని తేలింది. గట్టురాజ్యం వాళ్ళు కూడా కోనరాజ్యం చట్టం చూసి ముచ్చటపడి, పుండరీకాక్షయ్య అనే ప్లీడరు గారిని సేనాపతిగా పంపించారు. ఆయన వస్తూ వస్తూ బావమరిదిని వెంటబెట్టుకొచ్చి మేజరు పదవి కట్టబెట్టారు. ఎన్నాళ్ళనుంచో ఆ పదవి మీద ఆశపెట్టుకున్న సుబేదారు గంటయ్య అలిగి, తన మనుషులతో పొయ్యి వేరు పెట్టుకున్నాడు. తాండవకృష్ణ గారి మొహంలో కళ తిరిగొచ్చింది. వెంటనే రాజధానికి కబురు పెట్టారు, తూటాల లోడు ఆపేసి కండువాల లోడు పంపించమని.

వాగు మధ్యలో, మోకాళ్ళ లోతు నీళ్ళలో, ఆయనా గంటయ్యా కలుసుకున్నారు.

"మీలాంటి సీనియర్ నాయకుడికి అక్కడ గుర్తింపు లేదని విన్నాను గంటయ్య గారూ. నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు," అన్నారు తాండవకృష్ణ గారు.

గంటయ్యకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మొదటి నుంచీ జెండా మోసినోణ్ణండి. నిన్నగాక మొన్నొచ్చినోడు నాకు ఆర్డరేస్తన్నాడు. మనిషన్నాక ఆత్మాభిమానం ఉంటాది కదండీ."

"మాకు మీ ఆత్మాభిమానమే ముఖ్యం. మేజరు పదవి మాత్రం మీరు కాదనకూడదు."

కండువా కప్పడం, ఫోటో తీయడం అయిపోయింది. గంటయ్య నీళ్ళలో నిలబడే ప్రకటన ఇచ్చాడు. "గట్టురాజ్యంలో ఊపిరాడక కోనరాజ్యంలో చేరుతున్నాను. పదవులు ఆశించి కాదు." అప్పటికే భుజాన మేజరు గుర్తులున్నాయి.

ఆ తర్వాత తొక్కిసలాటే. ఒక పొయ్యి ఖాళీ అయ్యేసరికి రెండో పొయ్యిలో కూడా గ్రూపులు బయలుదేరాయి. ఏ పూట చూసినా వాగులో ఎవరో ఒకరు పంచె పైకి కట్టి దిగుతుండేవారు. కండువాలు చాలక దుప్పట్లు చింపారు. వచ్చినవాళ్ళని ఊరికే వదిలితే మళ్ళీ సొంత గూటికి పోతారని, తాండవకృష్ణ గారు వాళ్ళందరికీ వెనకున్న మామిడితోటలో క్యాంపు పెట్టించారు. ఫోన్లు లాగేసుకుని, పేకముక్కలిచ్చి, రెండు పూటలా బిర్యానీ పెట్టించారు. వీరపండు వండుతుంటే తోటంతా ఘుమఘుమలాడేది.

కల్నల్ గారికి కడుపు మండిపోయింది. "సార్, యుద్ధమంటే శత్రువుని బందీగా పట్టుకోవాలి!"

"ఇదీ అదేనండి. భోజనం బాగుంటుంది, అంతే తేడా."

"ఒక్కొక్కడికి ఒక్కో పదవి ఇచ్చేస్తున్నారు. మన క్యాంపులో ఇప్పుడు సిపాయిల కంటే మేజర్లు ఎక్కువున్నారు. సెల్యూట్ చేసేవాడు దొరక్క వాళ్ళలో వాళ్ళే చేసుకుంటున్నారు సార్!"

"చేసుకోనివ్వండి. చేతులకి పనుంటే తుపాకీ పట్టరు."

చివరికి గుట్ట మీద పుండరీకాక్షయ్య గారొక్కరే మిగిలారు. బావమరిది కూడా ముందురోజే వచ్చి కల్నల్ పదవి పుచ్చుకున్నాడు. మిట్టమధ్యాహ్నం వేళ ప్లీడరు గారు గొడుగేసుకుని వాగు దాకా దిగొచ్చారు. తాండవకృష్ణ గారూ, ఆయనా లా కాలేజీలో ఒకే బెంచీ.

"ఒరే తాండవం, ఇది అన్యాయంరా. మూడింట రెండొంతులమంది రాకుండా ఫిరాయింపు చెల్లదు."

"మూడింట మూడొంతులూ వచ్చేశారురా పుండరీకం. దీన్ని ఫిరాయింపు అనరు, విలీనం అంటారు."

ప్లీడరు గారు గొడుగు కింద కాసేపు ఆలోచించారు. "పాయింటే," అన్నారు. "నాకేమిస్తావు?"

డిప్యూటీ సేనాపతి ఇచ్చారు. ఉన్నవాటిలో మంచి కండువా వెతికి కప్పారు. ఆ సాయంత్రం నక్కలగుట్ట మీద కోనరాజ్యం జెండా ఎగిరింది. ఒక్క తూటా పేలలేదు. బిర్యానీ గిన్నె దగ్గరికి ఉరకబోయి ఒకడికి కాలు బెణికింది, అంతే. తాండవకృష్ణ గారు జెండా కింద నిలబడి కుర్రాళ్ళని చూసుకుని, ఆ రోజు కడుపారా భోంచేశారు.

మర్నాడు పెద్ద జీపు ఒకటి దుమ్ము రేపుకుంటూ వచ్చింది. యుద్ధ నిర్వహణ శాఖ ముఖ్య కార్యదర్శి శేషావతారం గారు దిగారు. విజయ నిర్ధారణ సంఘానికి ఆయనే అధ్యక్షుడు, ఆయనే సభ్యుడు.

"గుట్ట స్వాధీనమైనట్లు దృశ్యమానమగుచున్నది," అన్నారు చుట్టూ చూసి. "మృతుల వివరములు?"

"ఎవరూ లేరండి," అన్నారు తాండవకృష్ణ గారు నవ్వు ఆపుకోలేక.

"క్షతగాత్రులు?"

"ఒకడికి కాలు బెణికింది."

"బెణుకు క్షతముల నిర్వచనము క్రిందకు రాదు." శేషావతారం గారి మొహం వాడిపోయింది. "ఇది మిక్కిలి విచారకరమైన పరిస్థితి, సేనాపతి గారూ. రాజధానిలో అమరవీరుల స్తూపము నిర్మాణము పూర్తియైనది. నల్లరాయి. ఏకశిల. పదునాలుగు జిల్లాలు గాలించి తెచ్చితిమి. ముఖ్యమంత్రి గారు ఆవిష్కరణకు ముహూర్తము కూడా ఇచ్చియున్నారు. పేర్లు చెక్కుటకు వదిలిన స్థలము మాత్రము ఖాళీగా ఉన్నది."

"ఖాళీగానే ఉంచండి. చూడ్డానికి ఎంత బాగుంటుంది!"

"ఖాళీ రాతిని ఆవిష్కరించు సంప్రదాయము ఈ రాజ్యమున లేదు. అదియును గాక, అమరవీరులు లేని యుద్ధము యుద్ధముగా పరిగణింపబడదు. యుద్ధము కానిచో ఈ గుట్టపై మీరుండుట కేవలము ఆక్రమణ. ఆక్రమణలు తొలగించుట ప్రభుత్వ విధానము."

"అయితే ఇప్పుడేం చెయ్యమంటారు?"

శేషావతారం గారు గొంతు సవరించుకున్నారు. "గుట్టను శత్రువునకు సగౌరవముగా తిరిగి అప్పగించి, వారి సైన్యమును వారికి వాపసు చేసి, రేపు ఉదయము నిబంధనల ప్రకారము మరల జయించవలసినదిగా ఉత్తర్వులు. కనీస సంఖ్య విషయమున ప్రభుత్వము ఉదారముగా ఉన్నది. ఒక్క పేరైనను చాలును. రెండు మూడు ఉన్నచో శోభగా ఉండును."

తాండవకృష్ణ గారు కల్నల్ వైపు చూశారు. యుద్ధం యుద్ధమని ఇన్నాళ్ళూ కలవరించిన మనిషి, మామిడితోట వైపు చూస్తున్నారు. తోటలో వీరపండూ గంటయ్యా ఒకే చెట్టు కింద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ, ఏదో చెప్పుకుని పడీ పడీ నవ్వుతున్నారు.

"సార్," అన్నారు కల్నల్ గారు మెల్లగా. "ఏదైనా చూడండి. మీరు లాయరు కదా."

మాట క్షణంలో పాకిపోయింది. పేకముక్కలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వీరపండు తరిగే కత్తి చేత్తోనే పట్టుకుని వచ్చాడు.

"బాబూ, రేపు మేం గంటయ్య బాబాయ్‌ని కాల్చాలంటగా. నిజమేనా? ఆయనకి నిన్నే పులిహోర కలపడం నేర్పానండి."

వాడి ఇల్లెన్ని ఓట్లు, వాడి ఇంటిపేరెన్ని ఓట్లు అన్న లెక్క ఈసారి తాండవకృష్ణ గారి బుర్రలోకి రానేలేదు. ఎదురుగా ఉల్లిపాయ ఘాటుకి కళ్ళు ఎర్రబడ్డ కుర్రాడున్నాడు. వాడు రేపీపాటికి ఉండకపోవచ్చు. భయమంటే ఏమిటో ఆయనకి అప్పుడు తెలిసింది.

"శేషావతారం గారూ, ఒక్క పూట వాయిదా ఇప్పించండి," అన్నారు. గుడారంలోకి వెళ్ళి చట్టం పుస్తకం తీసి ముందేసుకున్నారు. తను రాసిన చట్టమే. ఎంత అందంగా రాశానో అని మురిసిపోయిన చట్టమే. పక్కన పుండరీకాక్షయ్య గారు కూర్చుని విసనకర్రతో విసురుతూ, లా కాలేజీ పరీక్షల ముందు చదివినట్టు ఆయనా చదివారు. మధ్యాహ్నం టీ వేళకి తాండవకృష్ణ గారు బయటికొచ్చారు. నల్లకోటు వేసుకున్నారు.

"కార్యదర్శి గారూ, స్తూపాల నిబంధన ఒకసారి మనవి చేస్తాను. 'స్తూపమున పేరు చెక్కబడిన ప్రతి వ్యక్తియు యుద్ధమున మరణించినట్లు భావించబడును.' చావు సర్టిఫికెట్ల కోసం కుటుంబాలు ఆఫీసుల చుట్టూ తిరగకూడదని నేనే పెట్టాను. ఔనా?"

"ఔను. మిక్కిలి మానవీయమైన నిబంధన."

"పేరు చెక్కితే మరణించినట్టు. ముందు మరణించాలి, తర్వాత చెక్కాలి అని ఎక్కడుంది? చూపించండి."

శేషావతారం గారు కళ్ళజోడు పెట్టుకున్నారు, తీశారు, తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పారు. ఆయన మొహంలో మొదట అనుమానం, తర్వాత ఆనందం, ఆపైన భక్తి కనిపించాయి.

"ఎక్కడను లేదు! సేనాపతి గారూ, ఇది అద్భుతమైన వ్యాఖ్యానము. ప్రాణనష్టము లేకుండగనే అమరత్వము! అయినచో ఎవరి పేరు చెక్కవలెను?"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. భావించబడే చావయినా చావే కదా. రేషన్ కార్డు పోతుంది, ఓటు పోతుంది, పొలం పిల్లల పేరు మీదకి పోతుంది, బతికున్నానని ఏ ఆఫీసులో చెప్పినా నవ్వి పంపేస్తారు. వీరపండుకి పెళ్ళి కావాలి. కల్నల్ గారి పింఛను ఇంట్లో నలుగురికి ఆధారం. గంటయ్య అసలే పరాయి దేశంవాడు, ఇంతకాలానికి పదవొచ్చింది. ఒక్కొక్కరినీ చూస్తూ చూస్తూ తాండవకృష్ణ గారి చూపు ఎక్కడా ఆగలేదు.

"రాసుకోండి," అన్నారు. "చింతలచెరువు తాండవకృష్ణ."

"ఒరే తాండవం!" పుండరీకాక్షయ్య గారు విసనకర్ర పారేశారు. "సీటు పోతుందిరా! లాయరు సన్నదు పోతుంది! మళ్ళీ ఎక్కడా పోటీ చెయ్యలేవు. నువ్వు నోరెత్తడానికి ఇక చోటే ఉండదు. నోరు లేకుండా నువ్వెలా బతుకుతావురా?"

"చూద్దాం," అన్నారు తాండవకృష్ణ గారు. "ఇన్నాళ్ళూ వాగాను కదా."

శేషావతారం గారు అప్పటికే లెక్కలు కడుతున్నారు. "సేనాపతి హోదా కనుక అక్షరములు పెద్దవి. ఇంటిపేరు కూడా పొడుగైనది. రాయి నిండుగా ఉండును. పరమానందము."

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. అమరుడు రెండో వరుసలో, మూల కుర్చీలో కూర్చున్నారు. జీవితమంతా ఆయన్ని తిట్టినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి భోరున ఏడ్చారు. తాండవకృష్ణ లేని అసెంబ్లీని ఊహించలేకపోతున్నామని ముఖ్యమంత్రి గారు కళ్ళు తుడుచుకున్నారు. పెదగంట్యాల ఉప ఎన్నికలో తమ పార్టీ అభ్యర్థి ఎవరో అదే వేదిక మీద ప్రకటించారు. అంతా అయ్యాక, అలవాటు చొప్పున తాండవకృష్ణ గారు లేచి మైకు వైపు నడిచారు. శేషావతారం గారు సున్నితంగా అడ్డం వచ్చారు.

"మన్నించాలి. మరణించినవారు ప్రసంగించుటకు నిబంధనలలో వీలు లేదు."

ఆయన తిరిగొచ్చి కూర్చున్నారు. మైకు అంత దగ్గరగా ఉండి అందకపోవడం ఆయనకి అదే మొదలు. కాస్త ఏడుపొచ్చింది కూడా. నల్లరాతి మీద తన పేరు తళతళలాడుతుంటే, అచ్చుతప్పు లేదు కదా అని ఒకసారి చదువుకుని, బయట నిలబడ్డ బస్సుల దగ్గరికి వెళ్ళిపోయారు.

పెదగంట్యాల బస్టాండు ముందు ఆ సాయంత్రం ఇసకేస్తే రాలనంత జనం. తాసీల్దారు గారు సంతాపసభ ఏర్పాటు చేశారు. వేదిక మీద బల్ల, బల్ల మీద తాండవకృష్ణ గారి నిలువెత్తు ఫోటో, ఫోటోకి పెద్ద బంతిపూల దండ, ముందు దీపం, పక్కన మైకు. బస్సులు వచ్చి ఆగాయి. కుర్రాళ్ళు ఒక్కొక్కరే దిగుతుంటే అమ్మలు మీదపడి తడుముకున్నారు. ఒళ్ళూ కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నాక గానీ ఏడవలేదు.

అచ్చియ్యమ్మ వీరపండు వీపు మీద ఒక్కటిచ్చింది. "ఇంత లావయ్యావేంట్రా సచ్చినోడా! యుద్ధం సేశావా, తిని పడుకున్నావా?" అంటూనే వాణ్ణి గట్టిగా కావలించుకుని, ఇక వదల్లేదు.

అందరూ దిగాక చివరి బస్సులోంచి, చేతిలో పెట్టెతో, తాండవకృష్ణ గారు దిగారు. అచ్చియ్యమ్మ చూసింది. వీరపండు ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె గబగబా వేదిక మీది బల్ల దగ్గరికి వెళ్ళి, ఫోటోకున్న దండ తీసింది.

తాసీల్దారు గారు కంగారుగా వచ్చారు. "అమ్మా, అమ్మా, ఆ దండ ఫోటోకి మంజూరైందమ్మా!"

"నీ మంజూరు మండిపోనూ, తప్పుకో." దండ తెచ్చి ఆయన మెడలో వేసింది. "అన్నయ్యా," అంది. బాబూ అనలేదు. ఇంకేదో అనబోయి మానేసి, కొడుకు చెయ్యి పట్టుకుని గబగబా ఇంటివైపు నడిచింది.

తాసీల్దారు గారు దండ విషయంలో ఉత్తర్వుల కోసం ఆఫీసుకి పరుగెత్తారు. మైకు దగ్గర ఎవరూ లేరు. దాని ఎర్ర లైటు వెలుగుతోంది. తాండవకృష్ణ గారు వేదిక ఎక్కారు. చెయ్యి దానంతటదే వెళ్ళింది. గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చుకున్నారు.

"సోదర సోదరీమణులారా!"

కళ్ళు తెరిచి చూస్తే బస్టాండు ముందు ఒక్క పిట్ట లేదు. అమ్మలంతా కొడుకుల్ని తీసుకుని ఇళ్ళకెళ్ళిపోయారు. కుర్చీలన్నీ ఖాళీ. జనం లేరని ఒకప్పుడు సభ పెట్టినవాడి కాలరు పట్టుకున్న మనిషి ఆయన. ఎదురు వీధిలో ఇంటింటా దీపాలు వెలిగాయి. ఒకింట్లో చేపల పులుసుకి తాలింపు వేస్తున్నారు. ఒకింట్లో ఎవరో, స్నానం చెయ్యకుండా అన్నం తినేస్తావేంట్రా అని కొడుకుని కేకలేస్తున్నారు. ఇంకో ఇంట్లో నవ్వులు. ఒక్క గుమ్మం కూడా చీకటిగా లేదు.

ఆయన కాసేపు వింటూ నిలబడ్డారు. ఇంత పెద్ద సభ తన జన్మలో జరగలేదనిపించింది. నవ్వుకుంటూ మైకు తనే కట్టేసి, దండ సర్దుకుని, కిందకి దిగారు.